దసరా పూజలో తుపాకి

నవంబరు పదిహేను, ఉదయం ఏడుంబావు. మిషిగన్‌లో తుపాకితో జింకల వేట మొదలయ్యే రోజు అది. సంవత్సరం మాత్రం అడగవద్దు; అప్పటికి నాకు చదువు రాదు, క్యాలెండరులో తేదీలు తప్ప మిగతావన్నీ బొమ్మలే. ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది: నలుగురితో మాట్లాడటానికి విషయమంటూ లేనివాడు అన్నం ఒంటరిగా తినాల్సిందేనని. నన్ను అలా తినమన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

అక్క పెట్టిన కాగితాల మీద గ్రీన్‌కార్డు వచ్చి మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో దిగాను. బెజవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పెరిగిన చెయ్యి కాబట్టి, కార్ల విడిభాగాలు చేసే ఒక చిన్న షాపులో పని దొరికింది. పనితో ఇబ్బంది లేదు. మధ్యాహ్నం అందరూ ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని తినేవాళ్లు, సెప్టెంబరు వచ్చిందంటే జింకలు తప్ప వేరే మాట ఉండేది కాదు. నేను గోంగూర డబ్బా పట్టుకుని కార్లోకి పోయేవాడిని. (వాసనకి జంకి కాదు. వాళ్లు తెచ్చుకునే చేపల డబ్బాల ముందు గోంగూర ఏపాటిది.) ఆ బల్ల దగ్గర నాకొక కుర్చీ కావాలి. కుర్చీకి జింక కావాలి, జింకకి తుపాకి కావాలి. ఆలోచన అంతవరకు బాగానే నడిచింది.

వేట లైసెన్సు క్లాసుకి వెళ్లాను, ప్రశ్నలు చదివి వినిపించారు, పాసయ్యాను. తర్వాత ఒక శనివారం మా బావ నన్ను ఊరవతల ఒక గరాజ్ సేల్‌కి తీసుకెళ్లాడు. పాత కుర్చీలు, పగిలిన పూలకుండీల మధ్య ఒంటి గొట్టం తుపాకి ఒకటి పడి ఉంది. గొట్టమంతా తుప్పు, వెనకాల చెక్క నిలువునా చీలింది, లోపలి పిన్ను విరిగిపోయింది. అక్క ప్రెషర్ కుక్కర్ కంటే చవగ్గా వచ్చింది.

"ఏరా, ఇది పేలుతుందా?" అన్నాడు బావ.

"పేలేలా చేస్తాను బావా."

"మన వైపు పేలకుండా చెయ్యి. నాకు ఇంకా హౌస్ లోన్ ఉంది."

వారాంతాలన్నీ దానికే పోశాను. చీలిన చెక్కని జిగురు పెట్టి బిగించాను. మా ఫోర్‌మన్‌ని అడిగి షాపు లేత్ మీద కొత్త పిన్ను చేసుకున్నాను. తుప్పుకి మాత్రం ఇత్తడి బిందెలు తోమే వైద్యమే చేశాను. అక్క వంటింట్లోంచి అరిచింది, "చింతపండంతా నానబోశావేంట్రా?" "తుపాకికి" అన్నాను. "పులిహోర చేస్తున్నావేమో అని సంబరపడ్డాను" అంది.

ఫోర్‌మన్‌కి నేను పెట్టుకున్న పేరు మీసాలాయన. ఆయన నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్లి ఆ తుపాకి పేల్పించి చూశాడు. అట్ట మీద జింక బొమ్మకి సరిగ్గా గుండె దగ్గర తగిలింది. "మొదటి రోజు మాతో రా" అన్నాడు. ఇంటికి వచ్చి ఆ ఒక్క మాటే అక్కకి మూడు రకాలుగా చెప్పాను.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధ పూజకి అక్క హాల్లో బావ లాప్‌టాప్, కారు తాళాలు, మిక్సీ, కూరగాయల కత్తి వరసగా పేర్చింది. ఆ వరసలో నిజమైన ఆయుధం నా తుపాకి ఒక్కటే కదా అని దాన్ని కూడా తెచ్చి పెట్టాను. అక్క ముక్కు మూసుకుంది.

"ఛీ, ఆ కిరసనాయిలు కంపేంట్రా? అమ్మవారి ముందు పెట్టేదేనా అది? తుడిచెయ్."

"గన్ ఆయిల్ అక్కా అది. తుడిస్తే మళ్లీ తుప్పు పడుతుంది."

"అయితే కొబ్బరి నూనె పోయ్. దీపానికి పనికొచ్చింది దీనికి పనికి రాదా?"

నాకూ న్యాయంగానే తోచింది. అమ్మవారి ఎదుట పిసినారితనం ఎందుకని విప్పదీసి లోపల కూడా ధారాళంగా పోశాను. మా ఇంట్లో హీటరు ఎప్పుడూ ఎనభై ఫారెన్‌హీట్ మీదే ఉంటుంది కాబట్టి, పండగ నుంచి వేట దాకా బీరువాలో ఆ నూనె తళతళలాడుతూనే ఉంది.

ఇక ఆ ఉదయం. చెట్ల మీద మంచు, చేతి వేళ్లు కొయ్యలు. వేటగాళ్లు వేసుకోవాల్సిన కాషాయ రంగు చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే అక్క సన్యాసానికి పంపుతున్నట్టు చూసింది. నన్ను దింపిన బావ కార్లోనే నిద్రపోయాడు. మీసాలాయన, మా షాపులో పనిచేసే పొడుగోడు, నేను ఒక దుంగ వెనక కూర్చున్నాం. ఏడుంబావుకి కొమ్ముల జింక ఒకటి వచ్చి, మా ఎదురుగా తీరిగ్గా నిలబడింది. మీసాలాయన నా భుజం తట్టాడు. నీదే అని. నేను గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను.

తుపాకి వెనకాల ఉండే చిన్న సుత్తి కిందికి దిగింది. దబాలున కాదు. పెళ్లిలో పెద్దమనిషి చుట్టూ చూసుకుని, పంచె సర్దుకుని కుర్చీలో కూర్చున్నట్టు దిగి, ఊరుకుంది. మళ్లీ లేపి నొక్కాను. ఈసారి ఇంకా మర్యాదగా దిగింది.

"గొట్టం కిందికి పట్టుకుని ఆగు" అన్నాడు మీసాలాయన. కాసేపు చూసి, తుపాకి మడత విప్పి తూటా తీసేశాడు. లోపల వేలు పెడితే తెల్లటి ముద్ద వచ్చింది. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"మా ఆవిడ చేసే కేకు వాసన వస్తోంది" అన్నాడు నెమ్మదిగా. "ఏం పోశావు ఇందులో?"

"కోకోనట్ ఆయిల్."

"ఎందుకు?"

"గాడ్ ముందు పెట్టాం" అన్నాను. నాకున్న ఇంగ్లీషులో అంతకు మించి వివరం లేదు. చలికాలం తలనూనె సీసా ఎండలో పెట్టి కరిగించుకుంటూ పెరిగినవాణ్ణి నేను. అది అప్పుడు గుర్తొచ్చింది. పొడుగోడు దుంగ మీద నుంచి జారి, మంచులో పడి నవ్వాడు. మీసాలాయన నవ్వాపుకోలేక తన తుపాకి పక్కన పెట్టేశాడు. జింక మమ్మల్ని కాసేపు చూసి, వచ్చిన దారినే పోయింది.

కుర్చీ పోయిందనుకున్నాను. సోమవారం మధ్యాహ్నం డబ్బా పట్టుకుని కారు వైపు పోతుంటే పొడుగోడు కేకేశాడు, "కోకోనట్, ఎక్కడికి? కథ మేం సరిగ్గా చెప్పలేకపోతున్నాం, నువ్వొచ్చి చెప్పు." బల్ల దగ్గర ఒక కుర్చీ జరిపి ఉంచారు. రిటైరయ్యేదాకా అక్కడే తిన్నాను. జింకని కొట్టి ఉంటే ఆ మాట ఒక వారం నడిచేదేమో.

తుపాకి ఇప్పటికీ ఉంది. ప్రతి దసరాకి బొట్టు పెడతాను, నూనె జోలికి పోను. కోకోనట్ అని పిలిచేవాళ్లలో పొడుగోడు ఒక్కడే మిగిలాడు, వాడూ ఫ్లోరిడా నుంచి పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తాడు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: మీసాలాయన, పొడుగోడు, కార్లో గుర్రుపెడుతున్న బావ, ఇంట్లో ఉన్నా నూనె రూపంలో వచ్చిన అక్క, ప్రాణాలతో ఇంటికి వెళ్లిన జింక, కోకోనట్.