మఠంపల్లిలో బంగారం పడ్డ బోరు

మొన్న సూర్యాపేట బస్టాండులో ఒక పిల్లాడు నా చెవి పక్కనే తుపాకీ బిళ్ల పేల్చాడు. ఆ వాసనకు అందరికీ దీపావళి గుర్తొస్తుంది. నాకు బంగారం గుర్తొచ్చింది. కచ్చితంగా చెప్పాలంటే బంగారం కానిది, దానితోపాటు మా కరుణ మేడం.

కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో నేను కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరినప్పుడు ఆమె నా పైఅధికారి. ఎవరేం చెప్పినా "ఔనా? చూద్దాం" అనేవారు. పరీక్ష తప్పితే చస్తానని కుర్రాడు ఏడ్చినా, రాజీనామా చేస్తానని ప్రిన్సిపాల్ బెదిరించినా అదే మాట. నాటకాలంటే నాకూ పడదు. కాకపోతే నేను దూరం నుంచే జోకేసి గాలి తీసేవాణ్ణి. ఆమె దగ్గరికి వెళ్లి చూసేవారు.

ఒకరోజు మఠంపల్లి వైపు నుంచి సైదులు అనే రైతు వచ్చాడు. ఆయన మేనల్లుడు మా దగ్గరే చదివేవాడు. తువ్వాలు ముడి విప్పితే కందిగింజంత పలుకులు పచ్చగా మెరిశాయి.

"బోరేస్తుంటే బంగారం పడ్డది మేడం. బండి ఆపిచ్చిన. సర్కారుకు తెలిస్తే భూమి గుంజుకుంటరు."

"మరి నీళ్లు?"

"బంగారం పడ్డంక నీళ్లెందుకు మేడం!"

"మిరప తోట ఎట్లుంది?"

ఆయన తల దించుకున్నాడు. "ఎండుతుంది."

ల్యాబులోనే తేల్చేద్దామన్నాను. "ఇక్కడ తేలిస్తే ఈయనొక్కడే నమ్మాలి, ఇంట్లోవాళ్లు నమ్మరు. పద" అని మేడం నా బండెక్కారు. ఆ రాయి ఎక్కడ పుట్టిందో చూడాలన్న ఆత్రం కూడా ఆమెకుంది.

బోరు గుంత మీద టార్పాలిన్ కప్పి, పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరికాయ కొట్టారు. ఇంకో గంట ఆగితే దర్శనానికి టికెట్టు పెట్టేలా ఉన్నారు. బోరు బండి డ్రైవరొక్కడే భక్తి లేకుండా ఉన్నాడు. "సాయంత్రం ఇంకో ఊరికి పోవాలె. ఇంకా దించమంటే దించుత, లేకుంటే ఇగ పోత." బండి పోతే మిరప కూడా పోయినట్టే.

మేడం ఒక పింగాణీ టీ కప్పు అడిగి బోర్లించారు. అడుగున నునుపు లేని అంచు ఉంటుంది. "బంగారం గీస్తే ఇక్కడ పసుపుపచ్చ గీత పడాలి. ముందు అసలుది గీసి చూద్దాం."

సైదులు భార్య వైపు తిరిగాడు. "నాగమ్మా, ఆ కమ్మ తియ్యవే జర."

నాగమ్మ చెయ్యి చెవి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. నాకొక జోకు సిద్ధంగా ఉంది. నోరు తెరిచేలోపు మేడం చెప్పు నా కాలి బొటనవేలి మీద పడింది.

"కమ్మెందుకయ్యా, నా ఉంగరం లేదా?" అంటూ ఆమె గీశారు. సన్నటి పచ్చగీత. పలుకు సైదులు చేతికిచ్చారు. "నువ్వే గియ్యి."

నల్లగీత పడింది. మళ్లీ గీశాడు, మళ్లీ నలుపే. "కప్పు మంచిది కాదేమో మేడం."

"ఔనా? చూద్దాం." సుత్తి ఇచ్చారు. "బంగారమైతే రేకులా సాగుతది."

దెబ్బకు అది పొడైంది. తుపాకీ బిళ్ల వాసన కొట్టింది. సైదులు మట్టికుప్ప మీద కూలబడ్డాడు. "గిదేంది మరి?"

"ఇనుము, గంధకం. రాతిలో కలిసి పుడతయి." ఆమె పక్కనే కూర్చుని ఇంకో పలుకును భూతద్దం కింద పెట్టారు. "ఈ మూలలు చూడు, ఎవరో ఉలితో చెక్కినట్టు లేవూ?"

ఆయన చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉన్నది దొంగముండది" అని, డ్రైవరుకు చెయ్యి ఊపాడు. "దించు."

తిరిగొస్తూ నా కాలేం పాపం చేసిందని అడిగాను.

"నాగమ్మ చెయ్యి చూడలేదా? ఆ కమ్మలు గిల్టువి అయ్యుంటయి."

"సైదులుకు తెలియదా?"

"అది వాళ్లింటి సంగతి. మనల్ని పిలిచింది రాయి చూడడానికి."

ఆ సాయంత్రమే రెండించుల నీళ్లు పడ్డాయని మేనల్లుడు చెప్పాడు. ఒక పలుకు మాత్రం సైదులు దేవుడి పటం దగ్గర ఉంచుకున్నాడట.

బస్టాండులో ఆ పిల్లాడి తల్లి పక్కావిడకు మెడలో గొలుసు చూపిస్తోంది. "దుబాయిది అక్కా, మా ఆయన పంపిండు." కొక్కెం దగ్గర రంగు పోయి రాగి కనిపిస్తోంది. జోకు నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పులో బొటనవేలు దానంతటదే ముడుచుకుంది. ఆవిడ నావైపు చూసింది.

"బాగుందమ్మా" అన్నాను.