డబ్బాలో రెండు వేళ్ల వాన

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండిన కరువేడు, మా ఇంట్లో వానను కొలిచే పని నాది. కుందుర్పి దగ్గరి మా ఊళ్లో, పెరట్లో రాతి మీద మూత కోసిన నూనె డబ్బా ఒకటి ఉండేది. వాన వెలిశాక అందులో నీళ్లు ఎన్ని వేళ్ల లోతున్నాయో చూసి చెప్పాలి. మా జేజినాయన, అంటే నాయనకు నాయన, అది గోడ మీద బొగ్గుతో గీసేవాడు. ఏ కార్తెలో ఎన్ని గీతలున్నాయో చూసి, శెనక్కాయ పీకకముందే ఎకరాకు ఎన్ని మూటలొస్తాయో చెప్పేవాడు. పెద్దగా తప్పేది కాదు. ఊరంతా వచ్చి అడిగేది.

ఆ ఏడు ఆయన మా ఎద్దుల బండి మీంచి పడి, కాలు విరిగి మంచాన పడ్డాడు. నాయన బెంగుళూరులో మట్టి పనికి పోయాడు. అమ్మ పొద్దున్నే కరువు పనికి రాళ్లు కొట్టడానికి వెళ్లేది. మూడు మైళ్ల దూరంలో ఉన్న చేను చూసే దిక్కు లేదు. పూత అయిపోయి, చెట్టు ఊడలు మట్టిలోకి దిగే సమయమది. అప్పుడు నేల మెత్తబడితేనే కాయ.

"పుబ్బ కార్తె దాటేలోగా రెండు వేళ్ల వాన పడకుంటే పచ్చిగా ఉన్నప్పుడే పీకి వామి ఏద్దాం. కాయ లేకున్నా ఎద్దులకు మేతన్నా మిగుల్తాది" అన్నాడు జేజినాయన.

"చేను పీకినాక ఈడ నాకేం పని? నేనూ బెంగుళూరికే పోతా" అంది అమ్మ.

ఎద్దుల మాట నా చెవికెక్కలేదు. అమ్మ పోతుందన్నదొక్కటే ఎక్కింది.

నాలుగు రోజులకు ఒక మధ్యాహ్నం, ఆయన మాత్ర మింగి నిద్రపోతుండగా తుంపర పడింది. డబ్బాలో గోరంత తడి. చెంబుతో నీళ్లు తెచ్చి పోశాను. లేచి అడిగితే రెండు వేళ్లన్నాను. డబ్బా మంచం దగ్గరికి తెప్పించుకుని చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఉంచుదాం. మూడు మూటలకు మోసం లేదు" అంటూ మంచం పక్క గోడ మీద తనే గీశాడు. అమ్మ ఆగిపోయింది. నాకు పండగలా ఉంది.

ఇరవై రోజులకు ఆయనను బండిలో పడుకోబెట్టుకుని చేనికి పోయాం. ఒక చెట్టు పీకి ఇచ్చాను. ఆకు ఆయన అరచేతిలో పొడి అయింది. ఊడలు గట్టి నేలలో దిగలేక, మొనలు మాడి వేలాడుతున్నాయి. కొడవలితో జానెడు లోతు గీకించాడు. కింద కూడా పొడి మట్టే. మా వైపు వానకు ఎద్దు ఒక కొమ్ము తడిస్తే ఇంకో కొమ్ము తడవదంటారు. ఆయనా అదే అనుకున్నాడు. "ఊర్లో పడింది, ఈడ పడలేదేమోలే పాపా" అన్నాడు. ఊఁ అంటే సరిపోయేది. నా వల్ల కాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

కొట్టలేదు, తిట్టలేదు. అరచేతిలోని ఆకు పొడి దులుపుకుని, "మీ అమ్మ పోకూడదని పోసినావు. ఎద్దులకు ఏం పెట్టల్ల ఇప్పుడు?" అన్నాడు.

పెట్టడానికేమీ లేక రెండింటినీ సంతకు తోలేశారు. ఆ తర్వాతి వారం అమ్మ బెంగుళూరు బస్సెక్కింది. నేను పోసింది చెంబెడు నీళ్లు కూడా కాదు.

చిత్త కార్తెలో ఒకనాడు చినుకులు పడి వెలిశాయి. జేజినాయన నన్నే పిలిచి డబ్బా చూసి రమ్మన్నాడు. కదల్లేదు నేను. "నువ్వే పో. తప్పు చెప్తే ఏమైతాదో నీకు తెలిసినట్టు ఈ ఊర్లో ఎవురికీ తెలీదు" అన్నాడు. పోయి చూసి గోరంత అన్నాను. గోరంతే గీశాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. వాన లెక్కలు ఇప్పుడు ఫోన్లలోనే వస్తున్నాయి. అయినా డబ్బా తీయలేదు. పుబ్బలో ఇప్పటికీ ఎవరో ఒకరు గడప దగ్గర నిలబడి, "ఏమక్కా, చేను ఉంచల్లా, పీకల్లా?" అని నా మొహంలోకి చూస్తారు. వాళ్ల ఆశ చూస్తే రెండు వేళ్లని చెప్పేయాలనిపిస్తుంది. అప్పుడు వాళ్ల మొహం చూడకుండా, డబ్బాలోకి చూసి చెబుతాను. గోరంతైతే గోరంతేనని.