వాన నీళ్ళతో కడిగిన రికార్డులు

తల్లాడ దవాఖానలో ఒక చంటిపిల్ల తొడకు టీకా వేసి దూది అద్దుతుండగా ఫోను మోగింది. దమ్మపేటలో నేను ఇదివరకు కిరాయికి ఉన్న ఇంటి పక్కామె. "సిస్టరమ్మా, మీ మైకు సెట్టు పెదనాన్న తెల్లారంగ పోయిండు. నీకు చెప్పొద్దన్నది మీ పెద్దమ్మ. నాకే మనసొప్పక చేస్తున్న" అంది. పిల్ల ఏడుస్తోంది, తల్లి జ్వరం మందు ఎప్పుడు పొయ్యాలని అడుగుతోంది. ఆమెకు జవాబు చెప్పి, మిగిలిన పిల్లలకు కూడా టీకాలు వేసి, సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

పెద్దమ్మ నాకు చెప్పొద్దని ఎందుకన్నదో నాకు తెలుసు. మీకూ చెప్తాను. అది దాచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటే, ఆయనతో ఇంకోసారి అబద్ధం ఆడినట్టే.

ఆయన నాకు చుట్టం కాదు. దమ్మపేటలో నర్సుగా చేసిన ఐదేళ్ళూ వాళ్ళింటి ముందు గదుల్లో ఉన్నాను. వాళ్ళకు పిల్లలు లేరు. మొదటి నెల తిరక్కుండానే ఆయన పెదనాన్న, ఆమె పెద్దమ్మ అయిపోయారు. నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని, వాళ్ళది ముత్యాలమ్మకు మొక్కే ఇల్లు. ఆ తేడా మా ముగ్గురిలో ఎవరికీ అడ్డం రాలేదు. చర్చి నుంచి వచ్చేసరికి నాకని చేపల పులుసు మూతపెట్టి ఉండేది.

పెదనాన్న నలభై ఏళ్ళు మైకు సెట్టు నడిపాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా చావయినా ఆయన మైకు బూరే మోగేది. కరెంటు లేని అడవి గూడేలకు ఎడ్లబండి మీద బ్యాటరీ వేసుకుని పోయేవాడట. డీజే బాక్సులు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. బూరలు తుప్పుపట్టాయి. గ్రామఫోను రికార్డులు మాత్రం రెండు చెక్కపెట్టెల్లో మిగిలాయి. ఒకటి పెళ్ళి పెట్టె, ఇంకోటి చావు పెట్టె. చావు పెట్టెలో తత్వాలు, భజనలు ఉండేవి. ఈ పెట్టెలోది ఆ పెట్టెలోకి పోనిచ్చేవాడు కాదు, రెండూ ఒకే రోజు కడిగేవాడూ కాదు.

ఆ కడగడం చూసి తీరాల్సిందే. బోరు నీళ్ళలో సున్నం ఉంటుందని వాటిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ముసురు పట్టి రేకులు బాగా కడుక్కుపోయాక, చూరు కింద బిందెలు పెట్టి వాన నీళ్ళు పట్టి, పాత పంచె నాలుగు మడతలేసి వడగట్టి దాచుకునేవాడు. రికార్డు నడుమనున్న కాగితం తడవకుండా దాని మీద గిన్నె మూత బోర్లించి పట్టుకునేవాడు. తడి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, పాప మూతి తుడిచినట్టు అడ్డంగా తుడిస్తే పాట చెడిపోతుందనేవాడు. తర్వాత నీడలో, పెద్దమ్మ స్టీలు పళ్ళేల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టేవాడు. ఆ స్టాండు కోసం ఇద్దరికీ రోజూ పంచాయితీయే. "తినే పళ్ళాలు నేల మీద, ఈయన పాటలు స్టాండుల" అని ఆమె నాకు ఫిర్యాదు చేసేది. మీ ఇంట్లో ఇంకా రికార్డులుంటే ఒక మాట వినండి, పడుకోబెట్టకండి, నిలబెట్టండి. రోహిణి కార్తె ఎండలకు పడుకున్నది అప్పడంలా వంకరపోతుంది. ఇది నాకు ఆయనే చెప్పాడు, ఒక్కసారి కాదు, ప్రతి ఎండాకాలమూ.

నేను మొదటిసారి ఒక రికార్డును వేళ్ళతో పట్టుకున్నప్పుడు ఎంత కసురుకున్నాడో. "దవాఖానల సూది మొనను పట్టుకుంటవా బిడ్డా? పట్టుకోవు గదా. ఇది గూడ గంతే" అన్నాడు. మనిషి మెత్తన అని నేను రాయను. కోపిష్టి. వంకాయ కూరలో కారం ఎక్కువైందని ఒక పూట అన్నం మానేసే రకం.

ఇక పెద్దమ్మ పసుపు సంగతి. చావింటికి పోయొచ్చిన పెట్టె ఆ ఇంటి గడప దాటాలంటే పసుపు నీళ్ళు చల్లాల్సిందే. పెట్టె పైన చల్లితే ఆమెకు తృప్తి లేదు, మూత తీయించి లోపల కూడా చల్లేది. "పైన చల్లితె ఏం లాభం? మైల పట్టింది పాటలకు గదా" అనేది. ఆయన నవ్వుకుని, తర్వాత ఒక్కో రికార్డు తీసి కడుక్కునేవాడు. బేరాలు పోయినా ఆ పెట్టె ఇంట్లో ఉందన్న భయం ఆమెకు పోలేదు. ప్రతి అమావాస్యకూ చల్లేది. చావు పెట్టె కడిగిన రోజు ఆయన గుడ్డ పచ్చబడి ఉండడం నేను చూస్తూనే ఉన్నాను. చూసి ఏమీ అనుకోలేదు.

నేను ఆ ఇంట్లో చేరేనాటికే ఆయన చెవులు సగం పోయాయి. బూర పక్కన నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి. ఖమ్మం తీసుకెళ్ళి చెవుల డాక్టరుకు చూపించాను. నరం పోయింది, ఇక రాదన్నాడు. చెవి మిషను పెట్టుకుంటే బస్సుల మోత వినిపిస్తోంది గానీ పాట వినిపించడం లేదని దాన్ని బీరువాలో పారేశాడు. మూడో ఏడు వచ్చేసరికి మన పెదవులు చూసి మాట పోల్చుకోవడమే.

అప్పటి నుంచి వినడం నా పనైంది. చావు పెట్టెలోని రికార్డు ఒకటి గంటసేపు కడిగి, ఆరబెట్టి, ప్లేయరు మీద తిప్పి ముల్లు పెట్టి, నా ముఖంలోకి చూసేవాడు. "గరగర వస్తుందా?" అని అడిగేవాడు. మొదటిసారి అడిగిన రోజు వచ్చింది గరగరే. ఆ వెనక ఎక్కడో, గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు ఒక గొంతు. ఆయన చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. "లేదు పెదనాన్నా, శుభ్రంగా ఉంది" అన్నాను.

నర్సులకు అది అలవాటు. కాలు తీసేయాల్సిన మనిషితో కూడా ఏం కాదు, ఏం కాదు అంటూ ఉంటాం. ఆ మాట మందుకన్నా ముందు నోటికొస్తుంది. ఆయన ముఖం వెలిగింది కదా, నాదేం పోయింది అనుకున్నాను. రెండేళ్ళు అలాగే చెప్పాను.

ఆయనకు ఒక స్నేహితుడుండేవాడు, బస్టాండు దగ్గర టీ హోటలాయన. ఆయన చనిపోయినప్పుడు పెదనాన్న ఎవరినీ అడగకుండా ఒక బూర, ప్లేయరు, చావు పెట్టె ఆటోలో వేసుకుని పోయాడు. డీజే వద్దు, వాడికి నేనే పెడతానన్నాడు. నేను డ్యూటీ నుంచి అటే వెళ్ళాను. శవం పక్కన బల్ల వేసి, రికార్డు పెట్టి, ముల్లు దించి, ఆయన కళ్ళు మూసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బూరలోంచి ఇసుక జల్లెడ పట్టినట్టు మోత వచ్చింది. తర్వాత ముల్లు ఒకచోట చిక్కుకుని సగం మాట దగ్గరే తిరగడం మొదలుపెట్టింది. అదే సగం మాట, మళ్ళీ అదే. వాకిట్లో ఏడుపులు ఆగిపోయాయి. ఎవరో నవ్వాపుకున్నారు. పెద్దవాళ్ళు తల దించుకున్నారు గానీ ఒక్కరూ ఆయన్ని తట్టలేదు. నేనూ తట్టలేదు. చివరికి హోటలాయన కూతురే లేచి వచ్చి, ఏడ్చిన ముఖంతోనే ముల్లు ఎత్తి పక్కన పెట్టి, ఆయనకు దణ్ణం పెట్టింది. అప్పుడు కళ్ళు తెరిచాడు. చుట్టూ ఒక్కో ముఖమే చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున నేను తాళం వేస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ సంది గట్ల ఉన్నది?"

"మొదటి నుంచి పెదనాన్నా."

"ఊరోళ్ళంటే నా ముఖం చూసి చెప్పరు. నువ్వు దవాఖానల పనిచేస్తవ్ గదా. నువ్వు చెప్తవనుకున్న." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకనిపించింది. "ఆదివారం నీ గుడి అయినంక రా. అన్నీ విందాం. ఉంటే ఉన్నదను, పోతే పోయిందను" అన్నాడు.

అలా వరుసగా చాలా ఆదివారాలు కూర్చున్నాం. ఆయన ముల్లు పెట్టేవాడు. నేను విని తల ఊపేదాన్ని, లేదంటే అడ్డంగా తిప్పేదాన్ని. పెళ్ళి పెట్టెలో చాలామటుకు బతికే ఉన్నాయి. చావు పెట్టెలో ఒక్కటి కూడా లేదు. ఆఖరిదానికి నేను తల అడ్డంగా తిప్పాక, ఆయన దాన్ని వెలుతురుకు వాలుగా పట్టి గాడులు చూశాడు. గోటితో ఏదో గీకి నా అరచేతిలో రాల్చాడు. పచ్చటి పొడి. నలభై ఏళ్ళ పసుపు, గాడుల్లో ఎండి, ప్రతిసారీ ముల్లు కింద నలిగి, పాటల్ని అరగదీసింది.

వంటింట్లో పెద్దమ్మ ఏదో దంచుతోంది. ఆయన అటు చూసి గొంతు తగ్గించబోయాడు. చెవిటివాళ్ళకు గొంతు తగ్గించడం చేతకాదు, అందుకని ఇంకా దగ్గరికి జరిగాడు. "మీ పెద్దమ్మకు చెప్పకు. నేను చావిండ్లకు తిరిగి తిరిగి ఏమైతనో అని చల్లింది. నా మంచికే చల్లింది" అన్నాడు. తనకు నిజమే కావాలన్న మనిషి ఆమె మీద మాత్రం నిజం పడకుండా అడ్డం నిలబడ్డాడు. ఆమెకు చదువు రాదు. అందుకే ఇది ఇక్కడ రాయగలుగుతున్నాను. చదివినవాళ్ళెవరైనా ఆమె దగ్గర అనకండి.

పోయిన రికార్డుల్ని ఆయన పారేయలేదు. అంతకు ముందులాగే కడిగాడు. ఎందుకు పెదనాన్నా అంటే, "పీనుగుకు గూడ స్నానం పోస్తం గదా" అన్నాడు. అంతే, మళ్ళీ గుడ్డ తడుపుకున్నాడు.

తర్వాత నాకు తల్లాడ బదిలీ అయింది. బస్టాండు దాకా వస్తాడేమో అని చూశాను, రాలేదు. ఆయన నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. కానీ ఈనాడు నేను రోగి పక్కన కూర్చుని, ఏం కాదు అనే మాట మింగి, ఉన్నది ఉన్నట్టు మెల్లగా చెప్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. మా డాక్టర్లు కూడా అలాంటి కబురు చెప్పాల్సి వస్తే నన్ను పిలుస్తారు.

పోయిన నెలలో పెద్దమ్మ ఫోను చేసి రమ్మంది. ఆయనకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఖమ్మంలో రక్తం శుద్ధి చేయించుకోమంటే, వారానికి మూడుసార్లు నా వల్ల కాదని మంచం పట్టాడు. నేను వెళ్ళేసరికి ముఖం ఉబ్బి, పెదవులు ఎండి ఉన్నాయి. రిపోర్టులన్నీ చూశాను. ఆయన నా ముఖాన్నే చూస్తున్నాడు.

"నేను లేస్తనా బిడ్డా? ఉంటే ఉన్నదను, పోతే పోయిందను."

పెద్దమ్మ నా వెనక నిలబడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "లేస్తవని చెప్పు. నీ కాళ్ళు మొక్కుత, ఒక్క మాట చెప్పు" అంది. ఆ మాట ఆయనకు వినపడదు, ఆమె ముఖం నా వెనక ఉంది. నాకు మాత్రం చెవి పక్కనే వినిపించింది. నేను తల అడ్డంగా తిప్పాను.

"అవ్" అన్నాడు. "నేను పోయిన్నాడు సెట్టు పెట్టొద్దు. డీజే అసలే వద్దు. తత్వాలు లేవాయె, పెండ్లి పాటలు పెట్టి పంపుతరా ఏంది నన్ను" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి గంజి కూడా ముట్టలేదు. తొమ్మిది రోజులు బతికాడు. ఆయనకున్న రోజులు నా తల తిప్పడం వల్ల తగ్గి తొమ్మిదయ్యాయా అంటే, నర్సుగా కాదనే చెప్తాను. మనిషిగా నాకు తెలియదు.

పక్కామె ఫోను చేసిన రోజు నేను దమ్మపేట చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో మంచం, దాని మీద ఆయన. ఊళ్ళోని డీజే కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళే బాక్సులు తెస్తే పెద్దమ్మ వెనక్కి పంపేసిందట. ఆ ఊళ్ళో ఏ చావిల్లు చూసినా మైకు మోగుతూనే ఉంటుంది, ఏడ్చేవాళ్ళు ఏమని ఏడుస్తున్నారో పక్కనున్నవాళ్ళకు కూడా తెలియదు. ఆ రోజు ఏ పాటా లేదు. జనం చెప్పులు విడిచే చప్పుడు కూడా తెలుస్తోంది. నన్ను చూడగానే పెద్దమ్మ మంచం పట్టె మీద తల ఆనించి శోకం అందుకుంది.

"ఎందుకు చెప్పినవే బిడ్డా, లేస్తవని ఒక్క మాటంటే ఇంకో పది దినాలుండేటోడు గదనే. నీ నోటితోని ఏం పోతుండెనే. నా ఇంటి కూడు తిన్నవ్ గదనే, నా మొగన్ని నాకు లేకుంట చేస్తివి గదనే."

ప్రతి మాటా విడివిడిగా, వీధి చివరి దాకా వినిపించింది. అవతలి అరుగుల మీదివాళ్ళు కూడా నా వైపు తిరిగారు. ఆయనే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడంటే, ఎందుకన్నాడో చెప్పాలి, అక్కడ పసుపు మాట వస్తుంది, అది ఆయన చెప్పొద్దన్నాడు. ఆమె గొంతు పోయి, ఊపిరి మాత్రమే వచ్చేదాకా నేను కదలకుండా నిలబడి విన్నాను.