పెద్దమ్మ అడిగిన లక్క విత్తనం

మొన్న కోంట సంతనాడు పెద్దమ్మ తమ్ముడు మా దుకాణానికి వచ్చి, "అక్క పోయింది సావుకారీ, మీద కప్పడానికి కొత్త గుడ్డ కావాలె" అన్నడు. నాలుగు రోజుల జరమట. గుడ్డ చింపి ఇచ్చిన. మీకెవరికీ ఆమె తెలియదు. తెలియాలనే రాస్తున్న.

ఆమె నాకు చుట్టం కాదు. వాగు అవతలి ఊళ్లో దొర్ల తెగ మనిషి, ఈ బస్తర్ సంస్థానం దాటి ఎన్నడూ పోలేదు. మా అమ్మ ఆమెను అక్కా అనేది, అందుకని నాకు పెద్దమ్మ. మోదుగ చెట్ల మీద లక్క పెంచేది. లక్కంటే కొమ్మ మీద పురుగు కట్టుకున్న గూడు. కోతకు ఎంత తొందరున్నా పెద్దమ్మ కొన్ని కొమ్మలు ముట్టనిచ్చేది కాదు. పురుగులు బయటికి పాకే వేళకు ఆ విత్తనపు కొమ్మలను నరికి కొత్త రెమ్మలకు కడితేనే మళ్లీ పంట. "ఇవి మనవి కావు, వచ్చే ఏటివి" అనేది. చిన్నప్పుడు వాటి మీద చెయ్యి వేస్తే నాకు వేళ్ల మీద దెబ్బ పడేది.

దూరపు సరుకంటే ఆమెకు కోపం లేదు. చలిజరంలో కొయినా మందుబిళ్లలే ఆమె మనవరాలిని బతికించినయి. అగ్గిపెట్టె, సూది, కిరసనాయిలు, అన్నీ మెచ్చుకునేది. మా తమ్ముడు జగదల్‌పూర్ నుంచి గ్రామఫోను తెస్తే, పాట పలికే ఆ నల్ల పళ్లేన్ని గోటితో గీకి, వాసన చూసి, "ఇది నా లక్కే కదరా" అని పొట్ట పట్టుకుని నవ్వింది. పాటంతా విన్నాక, "వాళ్ల పాట మనం వింటిమి. మన పాట వాళ్లకు ఎవరు వినిపిస్తరు?" అన్నది. నేను నవ్వి ఇంకో పాట పెట్టిన. సిగ్గులేని నవ్వు.

ఆ పళ్లేలకే లక్క కావాలని సముద్రం అవతల ఎవరికో తొందర పుట్టింది. లక్క కొనే పట్నం ఏజెంటు వచ్చి కాలు మీద కాలేసుకుని, "పచ్చిదైనా సరే, ఉన్నదంతా కొట్టించండి" అన్నడు. వాడికి చెట్టు తెలియదు, పురుగు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ వాగు దాటి పోయిన. "విత్తనం కూడా అమ్ముకుంటే ఏంది నాయనా మిగిలేది?" అన్నది పెద్దమ్మ. ఎక్కడినుంచైనా నేను తెప్పిస్తనని మాటిచ్చిన. నా మొహం చూసి, నమ్మి, కొమ్మలు కోయను కొడవలి తీసింది. అదే మాట ఊరూరా చెప్పిన. చుట్టుపక్కల ఒక్క విత్తనపు కొమ్మ మిగలలేదు.

తరువాత ధర పడిపోయింది. ఎందుకయ్యా అంటే ఏజెంటు "దునియా బజార్" అన్నడు. ఆ బజారు ఏ ఊళ్లో ఉందో, దాని మెడ ఎక్కడ దొరుకుతదో చెప్పేవాడు లేడు. సరుకు మా కొట్లోనే పడి ఉంది. పెద్దమ్మ వచ్చి బస్తా విప్పి, ఒక్కో పుల్ల విరిచి, లోపల పురుగు బతికున్న గుర్తుగా ఎర్రటి తడి ఉందేమోనని చూసింది. "అన్నీ ఎండినయి" అన్నది. బస్తా మూతి మళ్లీ కట్టి పోయింది. తిట్టినా బాగుండేది.

విత్తనం కోసం ఏజెంటుకు ఉత్తరం రాసిన. "మేము లక్క కొంటం గానీ పురుగుల వ్యాపారం చెయ్యం" అని జవాబు వచ్చింది. చింపి పొయ్యిలో పడేసిన. పెద్దమ్మ సంత సంతకూ అడిగేది, నేను "వస్తది" అనే చెప్పిన. నా కోపం ఎవరి మీదంటే ఏజెంటు మీద, ఆ బజారు మీద, అన్నిటికన్నా నా నాలుక మీద.

దినాలకు వాళ్లింటికి పోయిన. మోదుగ చెట్లన్నీ కొత్త పంటకని కత్తిరించి ఉన్నయి, లేత రెమ్మలు జానెడు పెరిగినయి. ఇంటి చూరు పొడుగునా నార తాళ్లు వేలాడుతున్నయి. విత్తనపు పుల్లలు కట్టడానికి అన్నీ ఒక్క కొలతకు కోసి పేనిపెట్టింది. జరంలో కూడా లేచి కూచుని పేనిందని ఆమె తమ్ముడు చెప్పిండు. వద్దంటే వినలేదట. "పిలగాడు విత్తనం తెస్తనన్నడు, నార తక్కువ పడొద్దు" అన్నదట.