తొమ్మిదిమంది పాడిన క్యాసెట్

నాకు జ్ఞాపకం మీద నమ్మకం తక్కువ. కాలం గడిచేకొద్దీ అది తనకు నచ్చిన రంగులు పూసుకుంటుంది. అందుచేత ఇక్కడ రాస్తున్న సమయాలన్నీ 1976 నాటి నా జేబు డైరీలోనివే. అందులో అక్టోబరు చివరి శుక్రవారానికి కేటాయించిన పుట అంచుల దాకా నిండి ఉంది. సాధారణంగా నేను రోజుకు మూడు పంక్తులు మించి రాసేవాణ్ని కాను.

అప్పుడు నేను ఒమాన్‌లో ఒక నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఉదయం ఆరింటికి సైట్ గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే పనివాళ్లను వేలు చూపి లెక్కపెట్టడం నా డ్యూటీ. ఆఫీసులో నా బల్లకు ఎదురుగా కూర్చుని కట్టడాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ బొంబాయి యూదుడు. ఇంట్లో మరాఠీ, నాతో హిందీ. ఆయన తండ్రి బొంబాయిలోని ఒక సినగాగ్‌లో, అంటే వారి ప్రార్థనా మందిరంలో, ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రార్థనా గీతాలు పాడించిన పెద్ద. ఆ సంవత్సరం వేసవిలో ఆయనకు గొంతు ఆపరేషన్ జరిగి స్వరం పోయింది. కుటుంబాలు ఒక్కొక్కటే విదేశాలకు వలస పోతూ ఉండగా సినగాగ్‌లో బల్లలు ఖాళీ అవుతున్నాయి. ఈ రాగాలు ఎవరి దగ్గర మిగులుతాయన్నదే ఆ తండ్రి దిగులు.

కొడుకు వాటిని చిన్నప్పుడు వింటూ నేర్చుకున్నాడు గాని, తండ్రి ఎదుట ఒక్కసారీ నోరు విప్పలేదు. ఇప్పుడు పాడి, క్యాసెట్‌లో పంపుతానని రాశాడు. జవాబు రెండు వాక్యాలు: “ఒంటరిగా పాడింది నాకు వద్దు. పదిమందితో కలిసి పాడి పంపు.”

పది అనే సంఖ్య వారికి అలంకారం కాదు, నియమం. వయసు వచ్చిన మగవారు పదిమంది కూడితేనే కొన్ని ప్రార్థనలు పలకాలి. తొమ్మిదిమంది ఉంటే ఆ మాటలు నోట రాకూడదు. ఒమాన్‌లో వారికి సినగాగ్ లేదు. డ్రాఫ్ట్స్‌మన్ రెండు నెలలు ఉత్తరాలు రాసి, వేర్వేరు కంపెనీల్లో పనిచేసే తనవాళ్లను వెదికి పట్టుకున్నాడు. తనతో కలిపి సరిగ్గా పదిమంది తేలారు. పదో ఆయన ఉత్తరాన చాలా దూరంలోని షినాస్‌లో ఉండే మెకానిక్. అందరూ సీబ్ ఊళ్లో డ్రాఫ్ట్స్‌మన్ అద్దెకుండే ఇంటికి శుక్రవారం చేరాలని నిర్ణయమైంది. శుక్రవారం పొద్దు గుంకితే వారి విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ తరువాత బండి ఎక్కరు, యంత్రం ముట్టరు. ఆ రోజు సూర్యాస్తమయం 5:31. మరునాడు మా కంపెనీ కడప డ్రైవరు సెలవు మీద బొంబాయి విమానం ఎక్కుతున్నాడు. క్యాసెట్ అతని చేతికే ఇవ్వాలి. టేప్ రికార్డరు నాది కనుక ఆ పని నాకు అప్పగించారు.

3:20కి డ్రాఫ్ట్స్‌మన్‌తో కలిపి తొమ్మిదిమంది చేరారు. దక్షిణాన సలాలాలో పండిన కొబ్బరి తురిమి, పంచదార, యాలకులు కలిపిన అటుకులు పెద్ద పళ్లెంలో మధ్యన పెట్టారు, చుట్టూ పండ్లు. శుభకార్యాలలో వారు ఆ పళ్లెం ముందు కూర్చుని పాడతారట. నేను యంత్రం మీట నొక్కి, శబ్దం సరిగా పడుతున్నదో లేదో చూడడానికి, ప్రతి ఉదయం చేసే పనే చేశాను. వేలు చూపి గట్టిగా “ఒకటి, రెండు, మూడు...” అంటూ తొమ్మిది వరకు లెక్కపెట్టాను.

అందరిలో పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

“భాయ్, మేం మనుషులను లెక్కపెట్టం,” అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్ మెల్లగా. “గొర్రెలనూ సిమెంటు బస్తాలనూ లెక్కపెడతారు.”

“మరి పదిమంది అయ్యారని ఎలా తెలుస్తుంది?”

పెద్దాయన కళ్లు తెరిచి తానే చూపించాడు. పది మాటలున్న ఒక ప్రార్థనా వాక్యం ఉంది. తలకొక మాట చొప్పున పలుకుతూ పోయాడు. తొమ్మిదో మనిషి దగ్గర వాక్యం ఆగిపోయింది. చివరి మాట ఆయన పలకలేదు. నేను టేపును వెనక్కి తిప్పి, నా గొంతు చెరిగిపోయేలా మొదటి నుంచి రికార్డు చేశాను.

ముందు కీర్తనలు. వారి పెద్దలు మరాఠీలో కట్టుకున్నవి. ఒకరు కథ నడిపితే మిగిలినవారు పల్లవి అందుకుంటారు. చిన్ననాటి నుంచి హరికథలు విన్నవాణ్ని కనుక పద్ధతి నాకు కొత్త అనిపించలేదు. కథలోని రాజులను మాత్రం ఎన్నడూ విని ఎరుగను. ఒకాయన హార్మోనియం, మరొకాయన తలకిందులు చేసిన టీ పెట్టె మీద దరువు. డ్రాఫ్ట్స్‌మన్ గొంతు మొదటి రెండు చరణాలు వణికి, మూడో చరణంలో నిలదొక్కుకుంది. క్యాసెట్ మొదటి వైపు ముప్పై నిమిషాలూ నిండాయి.

రెండో వైపు పదిమంది పాడవలసిన ప్రార్థనలకు ఉంచాము. 4:40 అయింది. షినాస్ మెకానిక్ జాడ లేదు. పికప్ తీసుకుని రోడ్డు దాకా చూసివచ్చిన డ్రైవరు 5:05కి గుమ్మంలో నిలబడ్డాడు.

“సార్, ఆ సారు యాడా కనపళ్ల్యా. రోడ్డు మింద మేకలు తప్ప నరమానవుడు ల్యా. పొద్దు గుంకుతాండాది. నన్నేసుకోండి సార్ పదో వాణ్ని, నాకూ గొంతుండాది!”

ఆ మాటలు నేను హిందీలోకి మార్చి చెప్పగానే పెద్దాయన తొలిసారి నవ్వాడు. “నువ్వు పాడితే వీళ్ల నాన్నకు పోయిన గొంతు తిరిగి వస్తుంది నాయనా, తిట్టడానికి.”

అందరూ నవ్వారు గాని డ్రాఫ్ట్స్‌మన్ నవ్వలేదు. 5:14కి నా వైపు తిరిగాడు. “మాటలు పలకం. రాగం ఒక్కటే పాడతాం. రాగానికి నిషేధం లేదు. ప్రార్థనకు కూడిన సభ బదులు చెప్పవలసిన చోట మేం ఆగుతాం. అక్కడ టేపు తిరుగుతూనే ఉండనివ్వండి.”

“ఎంతసేపు?”

“నేను మళ్లీ ఎత్తుకునే వరకు.”

అలాగే పాడారు. మాటలు లేని ఆ రాగం పైకి లేచి, బదులు కోసం ఆగేది. నా చూపు గడియారం మీదే ఉంది. సూర్యాస్తమయం దగ్గర పడుతున్నకొద్దీ నేను చేయి ఊపి ఆయనను తొందరపెట్టిన మాట వాస్తవం. మూడు విరామాలు: పదకొండు సెకన్లు, ఏడు, తొమ్మిది. 5:29కి ముగిసింది. క్యాసెట్ తీసి డ్రైవరు చేతిలో పెట్టాను.

6:20కి మెకానిక్ వచ్చాడు, చెప్పుల నిండా దుమ్ముతో. దారిలో టైరు పగిలిందట. పొద్దు గుంకగానే టాక్సీ దిగి, మిగిలిన దూరం నడిచాడట. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. పెద్దాయన మళ్లీ తలకొక మాట పలికాడు. ఈసారి వాక్యం పూర్తయింది. ఆ వెంటనే పదిమందీ లేచి, మధ్యాహ్నం నుంచి నోట ఆపుకున్న మాటలన్నీ పాడారు. హార్మోనియం లేదు, దరువు లేదు. ఒకరు ఎత్తుకోగా తొమ్మిదిమంది బదులిచ్చారు. గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. ఎంతసేపు పాడారో డైరీలో లేదు. యంత్రం ఆగి ఉంది. గడియారం చూడాలని నాకు తోచలేదు. నలభై ఏళ్ల డైరీలలో సమయం నమోదు కాని సంగతి నాకు తెలిసి అదొక్కటే.

ఇరవై ఆరు రోజులకు తండ్రి నుంచి ఉత్తరం వచ్చింది. డ్రాఫ్ట్స్‌మన్ దాన్ని ముందు తనలో తాను చదువుకుని, తరువాత నాకు హిందీలో చెప్పాడు.

“క్యాసెట్‌ను సినగాగ్‌లో పెట్టి విన్నాం. పన్నెండుమందిమి ఉన్నాం. నువ్వు ఆగిన చోట వీళ్లు బదులు చెప్పారు. నేను బల్ల మీద వేలితో తాళం వేశాను. రెండో చోట తొందరపడ్డావు. మా బదులు పూర్తి కాకముందే ఎత్తుకున్నావు. నీ పక్కన గడియారం చూసేవాడెవడో ఉన్నట్టున్నాడు. పాడేవాడు సభ వైపు చూడాలి. మూడో రాగం దిగే చోట స్వరం అర మెట్టు పక్కకు పోయింది. దిద్దుకో, మళ్లీ పంపు.”

తప్పు నాదని, తొందరపెట్టింది నేనేనని ఒప్పుకున్నాను. క్షమించమని తండ్రికి నేనే రాస్తానన్నాను.

“అక్కరలేదు,” అన్నాడు. ఉత్తరం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. “మా నాన్న ఎంతోమంది పిల్లలను ఇలాగే తిట్టి నేర్పాడు భాయ్. నన్ను మాత్రం ఎన్నడూ తిట్టలేదు. వీడికి రాదులే అని వదిలేశాడు. ఇదే మొదటిసారి.”

ఆ మధ్యాహ్నం ఆయన ఒక్క గీత కూడా గీయలేదు. సాయంత్రం కంపెనీ బస్సులో మూడో రాగం దిగే చోటును, సీబ్ చేరే దాకా, పదే పదే పాడుకుంటూ కూర్చున్నాడు.