పల్సానా తోట బంగ్లాలో మా నాన్న మగ్గం

మా నాన్న నేసిన గుంట మగ్గానికి తోట బంగ్లావాళ్లు నాలుగు కాళ్లు కొట్టి, బల్లలా ఎత్తి నిలబెట్టి, 'కాశీ మగ్గం, నేతగాడు తెలియదు' అని చీటీ అంటించారు.

ఆ మగ్గం, చీటీ ఉన్న ఫోటో తాపీ ఒడ్డున మేముండే అమ్రోలిలోని ఒక బ్యాంకు ఉద్యోగి ఫోన్లో చూపించాడు. కరోనా రెండో విడత తగ్గి, బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజులు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఎక్కడికని ఇంట్లో అందరూ అడ్డుపడ్డారు. ఆదివారం పొద్దున ఏడున్నరకు బయలుదేరాను.

వెళ్లదలచినవారికి దారి చెబుతాను. పర్వత్ పాటియా దాకా ఆటో, అక్కడి నుంచి పల్సానా బస్సు. సీటు వదిలి సీటు కూర్చోవాలని రాసి ఉంటుంది, ఎవరూ వినరు. నా పక్కన జగిత్యాల వైపు నుంచి వచ్చిన మరమగ్గాల కార్మికుడు కూర్చున్నాడు.

"ఏంది తాతా, గీ రోగాల దినాలల్ల ఏడికి?"

"మగ్గం సూడనీకి."

"మా కార్ఖానాకు రారాదు? పొద్దంత ఉత్తగనే సూపిస్త. చెవులు మాత్రం ఇంట్ల పెట్టి రా."

తొమ్మిదింటికి దిగి, చాయ్ తాగి, మైలు దూరం నడిచాను. నా చిన్నప్పుడు ఆ బంగ్లా చుట్టూ గులాబీలు, సపోటా చెట్లు, నడుమ నీళ్లు చిమ్మే రాతి తొట్టి ఉండేవి. బంగ్లా యజమాని సేఠ్‌కు పాత వస్తువుల పిచ్చి. ఏ రెండూ ఒకే సమయం చూపని గడియారాలు, పింగాణీ కూజాలు, కత్తులు పోగుచేశాడు. సిరిసిల్ల నుంచి మిల్లు పనికి వచ్చిన మా నాన్న దగ్గర మగ్గం ఉందని తెలిసి, ముచ్చటపడి అడిగి, వరండాలో గుంట తవ్వించి పెట్టించుకున్నాడు. ఆదివారాలు నాన్న అక్కడ నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేవాణ్ని.

ఇప్పుడు తోట ప్లాట్లయింది. వరండా కూల్చేశారు. మిగిలిన ఒక్క హాలులో వస్తువులన్నీ కుక్కి చూపిస్తున్నారు. గేటు దగ్గర నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూస్తారు, ఓపిక పట్టాలి.

మగ్గం మూలన ఉంది. దాని తొక్కుడు చెక్కలు మాత్రం గోడ మీద కత్తుల పక్కన వేలాడుతున్నాయి. కింద చీటీ: 'తాపీ నది పడవల తెడ్లు.'

అడ్డుతాడు దాటి, మగ్గం ముందు నేల మీద కూర్చున్నాను. నేసే చోటు నా తలకంటే ఎత్తున ఉంది. హాలు చూసుకునే హీనాబెన్ పరుగెత్తుకొచ్చింది.

"కాకా, ఉఠో. అందర్ ఆనా మనా హై."

లోపలికి రాకూడదు, లేవమంది. నేను లేవలేదు. ఇది మా నాన్న మగ్గమని, ఇలాంటిది నేల మీద ఉంటుందని, నేసేవాడి కాళ్లు గుంటలో ఉంటాయని, ఆ తెడ్లు కాళ్లతో తొక్కేవని నాకొచ్చిన హిందీలో చెప్పాను. వాటితో తాపీ దాటి చూపిస్తే వెళ్లిపోతానన్నాను.

మాస్కు వెనక ఆమె నవ్వు ఆపుకుంది. మీ నాన్నదేనని కాగితం ఉందా అని అడిగింది.

"కాళ్లున్నాయి," అన్నాను.

"నా చేతిలో లేదు కాకా. యజమానులకు రాయండి."

చీటీలు మార్చి నాన్న పేరు రాయాలని, మగ్గాన్ని మళ్లీ గుంట మీదకు దించాలని మధ్యాహ్నం తిరుగు బస్సులోనే ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. బడి మొహం చూడనివాణ్ని, గుజరాతీ అక్షరాలు బట్టల మూటల మీద చదివి నేర్చుకున్నాను. బంగ్లా చూడదగ్గదే, వెళ్లండి. చీటీలు మాత్రం నమ్మకండి. మూడు ఉత్తరాలకు బదులు లేదు. నాలుగోదానికి యజమానుల తరఫున హీనాబెన్ రాసింది:

"కాకా, చీటీలు రెండూ తీసేశాం. కాగితం లేనిదే పేరు రాయడానికి పెద్దలు ఒప్పుకోవడం లేదు. హాలు నేల తవ్వడానికి మాత్రం మనుషులను పిలిచాం. గుంట ఎంత లోతుండాలో ఇక్కడ ఎవరికీ తెలియదు. మీరు వచ్చి కూర్చుంటే, మీ కాలి కొలతకు తవ్విస్తాం."