రోమును మార్చిందెవరు?
1961 జూలై, నస్పూరును ముసురు పట్టింది. చరిత్ర ఉపాధ్యాయుడు రాజలింగు, సుద్దముక్క చెవిమీద పెట్టుకునే మనిషి, రోము పాఠం చెబుతున్నాడు. (ఆ చెవిని తుడవడం ఆయన భార్య ఏనాడో మానేసింది.) తనిఖీకి వచ్చిన అధికారి, "రోమన్లు క్రైస్తవులెట్లయిండ్రు?" అని పిల్లలను అడిగాడు. "చక్రవర్తి మారిండు, అందరు మారిండ్రు," అని పుస్తకంలోని మాటే అప్పజెప్పారు. అధికారి తల ఊపాడు. రాజలింగు ముఖం కందిపోయింది.

"గట్ల గాదు సార్. రాజుకంటె ముందుగాల్ల బానిసలు, ఆడోళ్లు మన బొగ్గుబాయి క్వార్టర్లల్ల కూడినట్టు ఇండ్లల్ల చాటుగ కూడి మొక్కిండ్రు. సింహాలకు మేతయింది వాళ్లు, పేరు రాజుదా?"

"పుస్తకంల ఉన్నదే చెప్పు పంతులూ, జీతం దానికే."

నిజం చెప్పినందుకు ఆయనను మంథనికి బదిలీ చేశారు. కొన్నేళ్లకు, ఆనాడు ఆ తరగతిలో కూర్చున్న నాకు ఉత్తరం రాశాడు: "రోమును మార్చింది బానిసలని నేను చెప్పినట్టే రాసి, ఇక్కడ నా దగ్గర చదివే అనసూర్య పరీక్షలో మార్కులు పోగొట్టుకుంది. క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. 'రాజు పేరు నాకెరుకే సార్, రాయబుద్ధి గాలే' అన్నది."